ఫ్యూజుకు సిల్వర్ పేపర్ చుట్టినోనికి ఓ దండం

ఇప్పుడే ఆంప్లిఫయర్ విప్పి చూసిన, ఒళ్లు మండుతుంది. హోల్డర్ల ఉన్నది పాత కాలిపోయిన గాజు ఫ్యూజే, దానికి సిగరెట్ డబ్బాల సిల్వర్ పేపర్ చుట్టి మళ్ల అండ్లనే కూసోబెట్టిండు మా క్లాక్ టవర్ కాడి మహానుభావుడు. పైసలు తీస్కొని "సెట్టైంది అన్నా, తీస్కపో" అన్నడు. పేపర్ అంచు నల్లగ మాడింది, ట్రాన్స్‌ఫార్మర్ కాడ ముక్కు పెడితే వార్నిష్ కాలిన వాసన.

వెనక పలక మీద టీ 1.6 ఏ, 250 వోల్టులు అని రాసి ఉన్నది కద నాయనా, ఆ టీ అందానికి రాసిన్రా? స్లో బ్లో అది, అంటే జర ఆగి నిమ్మలంగ పోయే ఫ్యూజు. స్విచ్ వేసిన క్షణంల ట్రాన్స్‌ఫార్మరు, పెద్ద కెపాసిటర్లు ఒక్కసారి కరెంటు గుంజుతయ్, స్లో బ్లో ఆగుతది, ఎఫ్ అని ఉండే ఫాస్ట్ ఫ్యూజు టప్పుమంటది. మనోళ్లు ఫాస్ట్‌దే వేస్తరు, పోతది, ఇంకోటి వేస్తరు, అదీ పోతది, ఇగ "ఈ సెట్టుకు ఫ్యూజులు ఆగయన్నా" అని తీగ చుడ్తరు. ఐదు పది రూపాయల ఫ్యూజు మిగిల్చి ట్రాన్స్‌ఫార్మర్‌ను బలిచ్చుడు, ఏం తెలివో! స్లో బ్లో ఇయ్యి అంటే "తక్కువ కరెంటుదా అన్నా" అని అడుగుతరు, దానికోసం కోఠి గుజరాతీ గల్లీకి బస్సెక్కాలె.

ఎందుకు పోయిందో ఒక్కడు అడగడు, అదే నా బాధ. పోయిన ఫ్యూజును వెలుతురుకు పట్టి చూడు, గాజు లోపట నల్లగ పొగచూరితే షార్టు, గాజు సాఫ్‌గ ఉండి తీగ సన్నగ తెగితే లోడు ఎక్కువైందో పాతబడిందో. సిరీస్ బల్బు పెట్టి చూడు, అంటే సెట్టుకు పోయే ఒక కరెంటు తీగ మధ్యల పాతకాలం ఫిలమెంట్ బల్బు కలిపి చూడు, వెలిగి తగ్గిపోతే మంచిదే, ఫుల్లుగ అట్లనే వెలిగితే లోపల 2ఎన్3055 పవర్ ట్రాన్సిస్టర్ పోయిందో, దాని కింద కరెంటు తాకకుండ పెట్టే మైకా రేకు చినిగి హీట్‌సింక్‌కు తాకిందో. ఇదేం రాకెట్టా? కాదు గని వీళ్లకు ఓపిక లేదు. వాల్యూం గరగరమంటుందంటే కుట్టుమిషన్ నూనె పోసిండొకడు, కాంటాక్ట్ క్లీనర్ అడిగితే నవ్విండు. ఇంకొకడైతే టేప్ హెడ్డును బ్లేడుతోని గీకిండు, దూదికి ఇంత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంటిచ్చి తుడిస్తే ఏం పోతది వానిది? పైంగ సలహాలు, "గిదంత ఎందుకన్నా, బ్లూటూత్ బాక్సు కొనుక్కో".

అసలు మన దిక్కు ఫ్యూజు అంటేనే అలుసు. బాయి కాడ ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే లైన్‌మన్‌కు ఫోన్ జేయిన్రి, "వస్తున్న" అంటడు, వానకాలం పోయి యాసంగి వస్తది గని ఆయన రాడు. నాటేసిన మడి నెర్రెలిస్తుంటే రైతేం జేస్తడు, తనే కట్టె పట్టుకొని పోతడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు బంద్ జేసే ఏబీ స్విచ్ గుంజితే మూడు బ్లేడ్లల్ల రెండే లేస్తయ్, మూడోది తుప్పుకు అంటుకొనే ఉంటది, కరెంటు పోయిందనుకొని చెయ్యి పెడతడు. ఎంతమంది పోయిన్రో మీ మీ ఊర్లల్ల మీకే ఎరుక. శవం కాడికి జీపులు మాత్రం తొందరగనే వస్తయ్, ఆ స్విచ్చు అట్లనే ఉంటది. నేను మొన్న ఫోన్ జేసి గట్టిగ అడిగితే "మీ ఫీడరు (మీ దిక్కు వచ్చే కరెంటు లైను) నాది కాదు" అన్నడు లైన్‌మన్ సారు. మా ఇల్లు మాత్రం వాళ్లకు మంచిగ ఎరుకే, బిల్లు ఒక్క నెల లేటైతే పొద్దు పొద్దున్నే వచ్చి కరెంటు కట్ జేసి పోతరు.