బ్యాడ్జ్ వద్దు, ఒక్క ముక్క చెప్పండి చాలు

మొన్న నాకో మెయిల్ వచ్చింది. చాలా రోజులుగా మీ కంప్యూటర్ కనబడటం లేదు, ఈ నెలలో తిరిగి చేరితే మీ ప్రొఫైల్‌కి ప్రత్యేక బ్యాడ్జ్ ఇస్తాం అని. మూడేళ్లపాటు రాత్రుళ్లు నా కంప్యూటర్‌ని అప్పజెప్పిన ప్రాజెక్టు అది. పేరు చెప్పను, వాళ్ల సైన్సు మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ ఆ మెయిల్ చదివాక ఒళ్లు మండింది. అందుకే ఈ పోస్టు. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఒక పెద్ద లెక్కని లక్షల ముక్కలు చేసి మామూలు మనుషుల కంప్యూటర్లకి పంచిపెడతారు. ఆ ముక్కే వర్క్ యూనిట్. మనం వాడని సమయంలో మన మెషీన్ దాన్ని పూర్తిచేసి జవాబు వెనక్కి పంపుతుంది. 1999 మేలో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు సెటీ@హోమ్ మొదలుపెట్టాక ఇది జనంలోకి వెళ్లింది. అంతరిక్షం నుంచి వచ్చే రేడియో సంకేతాల్లో ఎవరైనా పలకరిస్తున్నారేమో అని వెతకడం, స్క్రీన్‌సేవర్‌లో రంగురంగుల గ్రాఫ్ కదులుతుంటే నోరు తెరుచుకుని చూడటం. లక్షలమంది అలాగే చేరారు.

చేరడం తేలికే. ఉండటమే కష్టం. ఎందుకంటే కరెంటు బిల్లు మనది, రాత్రంతా గీపెట్టే ఫ్యాన్ మనది, వేడికి ఆయుష్షు తగ్గే మెషీన్ మనది. ఇంట్లోవాళ్లు "ఇది ఎందుకు ఆన్‌లో ఉంది?" అని అడిగితే చెప్పుకోవాల్సిందీ మనమే. అప్పుడు చేతిలో ఒక జవాబు ఉండాలి కదా?

ఇక నా గోల. ఆ ప్రాజెక్టు నుంచి ఒకసారి చాలా పెద్ద టాస్క్ వచ్చింది. పదకొండు రోజులు నడిచింది. ప్రతి ఉదయం పళ్లు తోముకుంటూ వెళ్లి చూసేవాణ్ణి: 62 శాతం, 71, 80. పదకొండో రోజు 97 దగ్గర ఎర్ర అక్షరాల్లో 'కంప్యుటేషన్ ఎర్రర్'. క్రెడిట్, అంటే చేసిన పనికి ఇచ్చే పాయింట్లు, సున్నా. సున్నా వచ్చినందుకు ఏడవలేదు. రెండే ప్రశ్నలు అడిగాను: తప్పు నా మెషీన్‌దా, మీ ప్రోగ్రామ్‌దా? ఈ పదకొండు రోజుల్లో మీకు ఏమైనా పనికొచ్చిందా? వారాలు గడిచాయి, ఉలుకూ లేదు పలుకూ లేదు. చివరికి నాలాంటి ఇంకో వాలంటీరే చెప్పాడు, ఆ బ్యాచ్ మొత్తం అలాగే పోయిందని. అప్పటిదాకా నా ర్యామ్‌ని అనుమానిస్తూ రాత్రుళ్లు టెస్టులు పెట్టుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు బ్యాడ్జ్ గుర్తుకురాలేదు వాళ్లకి. ఇప్పుడు వచ్చింది.

పాయింట్లని నేనేమీ తీసిపారేయడం లేదు. ఇలాంటి ప్రాజెక్టులు చాలావరకు నడిచే బోయింక్ అనే సాఫ్ట్‌వేర్‌లో క్రెడిట్‌కి కాబుల్‌స్టోన్ అని ముద్దుపేరు కూడా ఉంది, సెటీ@హోమ్‌లో పనిచేసిన జెఫ్ కాబ్ పేరు మీద. దాంతో చిల్లిగవ్వ కూడా కొనలేం, అయినా పక్క టీమ్‌ని దాటితే వచ్చే ఆనందం నాకూ తెలుసు. టీమ్‌ల మధ్య ఏటా జరిగే బోయింక్ పెంటథ్లాన్ అనే పాయింట్ల పోటీలో జనం నిద్ర మానేసి మెషీన్లు తోలుతారు. కానీ పోటీ అయిన మర్నాడు ఆ మెషీన్లు ఎన్ని మిగులుతాయో చూడండి. పాయింట్ల కోసం వచ్చినవాడు ఎక్కువ పాయింట్లు ఇచ్చేవాళ్ల దగ్గరికి పోతాడు. అందులో వాడి తప్పేముంది?

ఐన్‌స్టైన్@హోమ్ వాళ్లని చూడండి. 2010లో వాలంటీర్ల కంప్యూటర్లలో ఒక కొత్త పల్సర్ దొరికింది, సెకనుకి 41 సార్లు తిరిగే నక్షత్రం. ఏ కంప్యూటర్లలో దొరికిందో వెనక్కి వెళ్లి చూసి, అయోవాలోని ఒక దంపతులని, జర్మనీలోని ఒకాయన్ని పట్టుకుని "ఇది మీ మెషీన్లు కనిపెట్టింది" అని లోకానికి చెప్పారు. రెండు చోట్ల ఎందుకంటే, ఒకే యూనిట్‌ని కనీసం రెండు మెషీన్లకి పంపి జవాబులు సరిపోల్చుతారు. ఆ రెండో మనిషిని మా భాషలో వింగ్‌మ్యాన్ అంటాం. ముఖం చూడం, పేరు తెలియదు, వాడు జవాబు పంపకపోతే మాత్రం నా టాస్క్ 'పెండింగ్' అని వేలాడుతుంది. (ఎన్ని తిట్లు తిట్టుకున్నానో పాపం, వాడి ఇంట్లో కరెంటు పోయిందేమో.)

అంత అదృష్టం అందరికీ ఉండదు, నిజమే. అందుకే నాకు గింప్స్ ఇంకా నచ్చుతుంది. 1996 నుంచి మెర్సెన్ ప్రధాన సంఖ్యలని, అంటే 2ని 2తో పదేపదే గుణించి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలని, వెతుకుతున్నారు. 2024 అక్టోబర్‌లో దొరికినదానికి 4,10,24,320 అంకెలున్నాయి. అది దొరికినవాడు ఒక్కడు. మిగతా అందరికీ వచ్చే జవాబు 'కాదు' అనే. అయితే ఆ 'కాదు'ని కూడా రాసిపెడతారు. ఫలానా సంఖ్యని ఫలానావాళ్లు పరీక్షించారు, ప్రధానం కాదు అని. నా వంతుకి వచ్చిన ఒక సంఖ్య పక్కన నా పేరుంది. అది చూసినప్పుడల్లా ఛాతీ కాస్త ఉబ్బుతుంది, దాచుకోను.

రోజెటా@హోమ్ కథ ఇంకో రకం. ప్రోటీన్ మెలికలు తిరగడాన్ని స్క్రీన్‌సేవర్‌లో చూస్తూ కూర్చున్నవాళ్లు "అబ్బా, అటు కాదు ఇటు తిప్పితే సరిపోతుంది కదా" అని రాయడం మొదలుపెట్టారు. వాళ్లని నోరు మూసుకోమనలేదు. 2008లో ప్రోటీన్లని మనుషులే తిప్పి చూసే ఫోల్డ్‌ఇట్ అనే ఆటే వచ్చింది. శాస్త్రవేత్తలకి ఏళ్లతరబడి కొరకరాని కొయ్యగా ఉన్న ఒక కోతి వైరస్ ఎంజైమ్ నిర్మాణాన్ని ఆ ఆటగాళ్లు కొన్ని వారాల్లో విప్పారు, 2011లో పరిశోధన పేపర్ వచ్చింది. కంప్యూటర్ వెనక మనిషి కూడా ఉన్నాడని ఎవరో ఒకరు గమనించబట్టే కదా ఇది జరిగింది.

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు రోగాలకి సంబంధించిన ప్రోటీన్ల కదలికలని లెక్కకట్టే ఫోల్డింగ్@హోమ్‌కి జనం తిరునాళ్లకి వచ్చినట్టు వచ్చారు. ఆ లెక్కల వేగం ఎక్సాఫ్లాప్ (సెకనుకి ఒకటి పక్కన 18 సున్నాలు పెట్టినన్ని లెక్కలు) దాటింది, అప్పటి సూపర్‌కంప్యూటర్లు ఏవీ అందుకోని వేగం. పంచడానికి యూనిట్లే చాలలేదు. కొత్తవాళ్ల మెషీన్లు పని కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి. ఒక్క బ్యాడ్జ్ ఆశ చూపకుండానే వచ్చిన జనం వాళ్లంతా. కారణం కళ్లముందు ఉంది కాబట్టి వచ్చారు, అది కళ్లముందు నుంచి తప్పుకోగానే చాలామంది వెళ్లిపోయారు. అదే నెల 31న సెటీ@హోమ్ కొత్త పని పంపడం ఆపేసింది. ఉన్న డేటా విశ్లేషణ మీద కూర్చుంటామని ముందే చెప్పి ఆపారు. బాధేసింది కానీ కోపం రాలేదు.

"సర్వర్ చూసుకునేది ఒకరిద్దరు, నిధులు లేవు, ఉత్తరాలు ఎవరు రాస్తారు?" అని కొందరంటారు. ఒప్పుకుంటాను. నేనడిగేది నెలకి నాలుగు వాక్యాలు. ఈ నెల మీరు పంపిన జవాబులతో ఇది చేశాం, ఇది కుదరలేదు, ఈ బ్యాచ్ మా తప్పువల్ల పాడైంది, వచ్చే నెల పని తక్కువ. పేపర్ తిప్పికొట్టారని రాసినా సరే, ఇంకో ఏడాది ఉంటాను. ఆ నాలుగు వాక్యాలు అందించండి, వాటిని పది భాషల్లోకి మార్చి జనానికి చేర్చే పని వాలంటీర్లే చేస్తారు. వాళ్లకి ఖాళీ లేకపోతే నేను చేస్తాను.

ఇదంతా కోపంలో కాకుండా మర్యాదగా ఆ బ్యాడ్జ్ మెయిల్‌కే జవాబుగా రాశాను. ఆ పదకొండు రోజుల టాస్క్ నంబర్ కూడా వెతికి పెట్టాను. పంపిన అర నిమిషానికి తిరిగొచ్చింది. ఆ అడ్రస్‌కి మెయిళ్లు పంపడానికి వీల్లేదట.