చివరి కామాతో నా గొడవ

ఇవాళ రివ్యూకి మళ్లీ అదే పైథాన్ కోడ్ వచ్చింది. లిస్టులోని పేర్లను మధ్యలో కామాలతో ప్రింట్ చేయాలి, అంతే పని. దానికి పేర్లను ఒక్కొక్కటిగా తీసుకునే ఓ ఫర్ లూప్, లోపల "ఈ పేరు లిస్టులోని చివరి పేరు కాకపోతే కామా పెట్టు" అని ఓ ఇఫ్, మొత్తం ఆరు లైన్లు. రాసింది కొత్తగా చేరినవాళ్లా అంటే అదీ కాదు.

ఇంకో రకం వాళ్లుంటారు. ప్రతి పేరు వెనకాలా కామా, స్పేస్ అంటించేసి, ఆఖర్న రెండు అక్షరాలు కోసేస్తారు. రేపెవరో సెపరేటర్‌ని, అంటే పేర్ల మధ్య పెట్టే గుర్తుని, ఒక్క నిలువు గీతకి మార్చారనుకోండి, గీతతో పాటు చివరి పేరు తోక కూడా తెగుతుంది. ఎర్రర్ మాత్రం రాదు.

నేనేమీ సుద్దపూసను కాదు. చివర ఒక్క కామా ఉంటే ఏమైపోతుందిలే అని ఒకప్పుడు వదిలేశాను. ఆ లైన్‌ని చదివే ప్రోగ్రాం దాన్ని కామాల దగ్గర స్ప్లిట్ చేసింది. నేను పంపింది మూడు పేర్లు, అక్కడ తేలింది నాలుగు. ఆ నాలుగో ఖాళీ స్ట్రింగ్ (స్ట్రింగ్ అంటే అక్షరాల వరుస) ఎక్కడి నుంచి ఊడిపడిందో వెతకడానికి ఒక సాయంత్రం పోయింది.

ఐదు పేర్లుంటే మధ్యలో సందులు నాలుగే. కామా సందుది. లూపేమో పేర్లు లెక్కపెడుతుంది, అందుకే ఎప్పుడూ ఒకటి మిగిలిపోతుంది.

తెర మీద చూపించడమే పనైతే లిస్టు ముందు నక్షత్రం గుర్తు పెట్టి ప్రింట్‌కి ఇవ్వండి, సెపరేటర్ చెప్పే సెప్‌లో కామా ఇవ్వండి, అయిపోయింది. 2008లో పైథాన్ 3తో ప్రింట్ ఫంక్షన్‌గా మారాక వచ్చిన సుఖం ఇది. అంకెలున్నా అదే చూసుకుంటుంది. నక్షత్రం మర్చిపోతే బ్రాకెట్లతో సహా లిస్టంతా వచ్చి పడుతుంది. ప్రింట్‌కి అందింది ఒకటే వస్తువు, ఇక సెప్‌కి పనేముంటుంది?

ఫైల్లో రాయాలంటే జాయిన్, పేర్ల మధ్య సెపరేటర్ పెట్టి ఒకే స్ట్రింగ్‌గా కలిపేది. ముందు కామా రాసి, దాని మీద జాయిన్ పిలిచి, లిస్టు ఇవ్వాలి. "కామా మీద జాయిన్ పిలవడమేంటి, తిరగేసినట్టు?" అని అందరూ అడిగేదే, నేనూ అడిగాను. లిస్టుకే కాదు, దానిలాగే పేర్లను ఒక్కొక్కటిగా అందించే టపుల్‌కి, సెట్‌కి, జనరేటర్‌కి కూడా జాయిన్ కావాలి మరి. అన్నింట్లో విడివిడిగా పెట్టేకంటే స్ట్రింగ్ దగ్గర ఒక్కసారి పెట్టడం నయం.

అంకె కనిపిస్తే జాయిన్ టైప్ ఎర్రర్ ఇస్తుంది. జనం తిట్టుకుంటూ, అన్నింటినీ స్ట్రింగ్‌లుగా మార్చేయడానికి మ్యాప్, ఎస్‌టీఆర్ తగిలిస్తారు. నేను ఆ ఎర్రర్ పక్షమే. గుడ్డిగా తగిలిస్తే డేటాలో లేని పేరు కూడా "నన్" (None, పైథాన్‌లో ఏమీ లేదని అర్థం) అనే పేరై ఫైల్లోకి వెళ్లిపోతుంది.

నాకు మంట ఇంకోచోట. లిస్టుకి బదులు పొరపాటున ఒక్క స్ట్రింగ్ ఇస్తే జాయిన్ కిక్కురుమనదు. "చిలుక" ఇచ్చి చూడండి. మూడక్షరాల పిట్ట ఐదు ముక్కలవుతుంది, గుడి ఒకవైపు, కొమ్ము ఒకవైపు, మధ్యలో కామాలు.

ఇంతకీ ఆ రివ్యూలో "ఒక్క లైన్ చాలు కదా" అని రాశాను. "ఇదీ పనిచేస్తోందిగా" అని జవాబు. చిలుక, పావురం, మళ్లీ చిలుక ఉన్న లిస్టు ఇచ్చి రన్ చేయమన్నాను. "చిలుకపావురం, చిలుక" అని వచ్చింది. ఆ తర్వాత ఇంకా రిప్లై లేదు.