తుంటి నొప్పి: ఎక్స్‌రేలో ‘ఏమీ లేదు’ అన్నంత మాత్రాన

కోనసీమలోనో, భీమవరం వైపో నలభై నిండని మనిషి కుంటుతుంటే ఊరంతా ఒకే మాట అంటుంది: నరం పట్టేసింది, సయాటికా. ఆర్‌ఎంపీ దగ్గర సూది, నాలుగు మాత్రలు, నూనె మర్దన. నెలల తర్వాత ఎక్స్‌రే తీయిస్తే ‘ఏమీ లేదు’ అంటారు. అసలు నష్టం మొదలయ్యేది ఆ మాట దగ్గరే.

తుంటి గిన్నెలో తిరిగే తొడ ఎముక బంతికి రక్తం తెచ్చేవి సన్నని నాళాలు. అవి మూసుకుపోతే బంతి లోపలి ఎముక చచ్చిపోతుంది. డాక్టర్లు దీన్ని ఏవీఎన్ (అవాస్క్యులర్ నెక్రోసిస్) అంటారు. చచ్చిన ఎముకలోనూ కాల్షియం కొంతకాలం అలాగే ఉంటుంది కాబట్టి ఎక్స్‌రేలో మామూలుగానే కనిపిస్తుంది. తొలిదశలో దీన్ని పట్టేది ఎంఆర్‌ఐ. నొప్పి కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఎక్కువగా గజ్జల్లో వస్తుంది, ఒక్కోసారి మోకాలికి పాకుతుంది. దాంతో మోకాలికి ఎక్స్‌రే తీయించిన వాళ్లూ ఉంటారు! బాసింపట్టు వేసుకోలేకపోయినా, కాలు లోపలికి తిప్పితే పట్టేసినా తుంటిని అనుమానించాలి.

కొబ్బరి చెట్టు మీంచి పడి తుంటి విరిగిన దింపు కార్మికుడికి ఇది రావచ్చు. ఏళ్ల తరబడి మద్యం తాగేవారికి, సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్నవారికి, స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో లేదా చాలాకాలం వాడినవారికి కూడా రావచ్చు. కోవిడ్‌కి స్టెరాయిడ్లు వాడిన కొందరిలోనూ కనిపించింది. ఒక్క స్టెరాయిడ్ సూదితో తుంటి పోతుందని భయపెట్టడం సరికాదు. కానీ ఏం మందో చెప్పకుండా, చీటీ రాయకుండా నెలనెలా పొడిచే సూదులను నేను సమర్థించలేను.

బంతి కుంగకముందే తెలిస్తే కోర్ డికంప్రెషన్ చేయొచ్చు. ఎముకలోకి సన్నగా రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తారు. చచ్చిన భాగం పెద్దదైతే అదీ అంతగా పనిచేయదు. బంతి కుంగి, కీలు అరిగాక చాలామందికి మిగిలేది తుంటి మార్పిడే. ముప్పై ఐదేళ్లకే కృత్రిమ కీలు పెడితే, జీవితకాలంలో మరోసారి మార్చాల్సి రావచ్చు.

చెరువులో రొయ్య కాస్త నీరసంగా కనిపిస్తే ల్యాబ్‌కి పరుగెత్తే ప్రాంతం మనది. సొంత తుంటి విషయంలో మాత్రం స్కాన్‌కి కొన్ని వేలు దండగనుకుని, చివరికి ఆపరేషన్‌కి లక్షలు అప్పు చేస్తాం. గజ్జల్లో నొప్పి వారాల తరబడి వదలకపోతే కాకినాడలోనో రాజమండ్రిలోనో ఎముకల డాక్టరుకి చూపించి, ఎంఆర్‌ఐ అవసరమా అని సూటిగా అడగాలి. వాడిన సూదులు, మాత్రల వివరాలూ చెప్పాలి. ఒక తుంటిలో ఏవీఎన్ తేలితే, నొప్పి లేకపోయినా రెండోదాన్నీ స్కాన్‌లో చూడమనాలి, ఎందుకంటే ఇది చాలామందికి రెండు వైపులా వస్తుంది.