సాక్‌లో మొదటి రెండేళ్లు: ఫ్లెక్సీ చెప్పని ఉద్యోగం

అమీర్‌పేటలో కోచింగ్ ఫ్లెక్సీల మీద ఎథికల్ హ్యాకర్ అంటే నల్ల హుడీ వేసుకున్న మనిషి, వెనక జారే ఆకుపచ్చ అంకెలు. ఆ కోర్సు చేసి బయటికొచ్చినవాళ్లలో ఎక్కువమందికి దొరికే తొలి కొలువులో హ్యాకింగ్ ఉండదు. సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో, అందరూ సాక్ అని పిలిచే చోట, ఎల్1 అనలిస్ట్ (మొదటి అంచె) కుర్చీ అది. పని కాపలా. స్క్రీన్ మీదికి అలర్ట్ వస్తుంది. నిజమో ఉత్తుత్తిదో తేల్చాలి. ఉత్తుత్తిదైతే మూసేయాలి, నిజమనిపిస్తే పై అంచె అయిన ఎల్2కి పంపాలి. పెన్‌టెస్టింగ్, అంటే అనుమతితో దాడి చేసి లోపాలు వెతికే ఉద్యోగాలు లేవని కాదు, ఫ్రెషర్లకి వాటి తలుపులు ఇరుకు.

ఈ కుర్చీలకి గిరాకీ ఊరికే రాలేదు. 2016 జూన్ 2న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన సైబర్ సెక్యూరిటీ సర్క్యులర్ బ్యాంకులని సాక్ పెట్టుకోమంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలొచ్చాయి: జాబితాలోని ఘటన ఏదైనా దృష్టికొచ్చిన 6 గంటల్లో తెలపాలి, లాగ్‌లు, అంటే కంప్యూటర్లలో ఏం జరిగిందో చెప్పే రికార్డులు, 180 రోజులు దాచాలి. దీనికి తోడు విదేశీ కంపెనీల నెట్‌వర్క్‌లని హైదరాబాద్‌లో కూర్చుని కాపలా కాసే టీములు. న్యూయార్క్‌లో ఉదయం 9 అయ్యేసరికి మనకి వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. అందుకే నైట్ షిఫ్ట్ తప్పదు.

షిఫ్టుల లెక్క ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే వేసుకోవాలి. వారానికి 168 గంటలు, మనిషికి 40. ఒక్క కుర్చీ రాత్రీ పగలూ నిండి ఉండాలంటే 4.2 మంది కావాలి. సెలవులు, జ్వరాలు, పెళ్లిళ్లు కలుపుకుంటే ఐదుగురు. రెండు కుర్చీలకి పది. ఆరుగురితోనే రెండు కుర్చీలు నడుపుతున్నామని ఇంటర్వ్యూలో ఎవరైనా గొప్పగా చెబితే, మిగతా గంటలు ఎవరి వీకాఫ్‌లోంచి వస్తున్నాయో అడగక్కర్లేదు.

ఒక అలర్ట్‌ని దగ్గరగా చూద్దాం. రాత్రి 2:10. ఒక సర్వర్‌లో బ్యాకప్ కోసం పెట్టిన సర్వీస్ ఖాతా (మనుషులు కాక ప్రోగ్రాములు వాడేది) మీద గంటలో 12 ఫెయిల్డ్ లాగిన్‌లు. విండోస్ లాగ్‌లో దీని ఈవెంట్ నంబర్ 4625. కంగారుపడే కొత్తవాడు బ్రూట్ ఫోర్స్ (పాస్‌వర్డ్‌లు వరసగా కొట్టి చూసే దాడి) అని ఎల్2 మీదికి తోసేస్తాడు. విసిగిపోయిన పాతవాడు ఫాల్స్ పాజిటివ్, అంటే ఉత్తుత్తిది అని కొట్టి మూసేస్తాడు. ఇద్దరూ చూడాల్సినవి మూడున్నాయి. లాగిన్ ఏ దారిన వచ్చిందో చెప్పే లాగాన్ టైప్ ఎంత? 4 అయితే షెడ్యూల్డ్ టాస్క్ (టైమ్‌కి తనంతట తానే నడిచే పని), 3 అయితే నెట్‌వర్క్ మీదుగా వచ్చింది, 10 అయితే రిమోట్ డెస్క్‌టాప్. ఫెయిల్యూర్ల మధ్య వ్యవధి ఎంత? సరిగ్గా 5 నిమిషాలకోసారి పడుతుంటే వేళ్లతో కొడుతున్నది మనిషి కాదు. కంపెనీ ఖాతాలన్నీ చూసుకునే డొమైన్ కంట్రోలర్‌లో ఈ ఖాతాకి 4724, అంటే పాస్‌వర్డ్ రీసెట్ ఉందా? ఉంది, నిన్న సాయంత్రం. పాస్‌వర్డ్ మార్చినవాళ్లు టాస్క్‌లో పాతదాన్ని మార్చడం మర్చిపోయారు.

అవే 4625లు ఒకే ఐపీ నుంచి 60 ఖాతాల మీద, ఒక్కోదానికి ఒకటీ రెండూ చొప్పున పడితే సంగతి వేరు. ఏ ఖాతా లాక్ కాకుండా ఒకే పాస్‌వర్డ్‌ని అందరి మీదా ప్రయత్నించి చూడటం అది, పాస్‌వర్డ్ స్ప్రే. ఖాతాకి ఇన్ని ఫెయిల్యూర్లని లెక్కపెట్టి అలర్ట్ లేపే రూల్‌కి ఇది చిక్కదు. ఆ వరసలో ఒక్క 4624, అంటే సక్సెస్ కనిపిస్తే టికెట్ (పనిని నమోదు చేసే ఫారం) సంగతి తర్వాత, ముందు ఫోన్ ఎత్తాలి.

ఇప్పుడు మూసేటప్పుడు రాసే నోట్ సంగతి. ‘చెక్ చేశాను, ఫాల్స్ పాజిటివ్’ అన్న నోట్ దాదాపు ప్రతి సాక్‌లోనూ దొరుకుతుంది. దాన్ని చదివిన ఎల్2కి ఏమీ తెలియదు, ఆరు నెలల తర్వాత చదివిన ఆడిటర్‌కి అసలే తెలియదు. పనికొచ్చే నోట్ ఇలా ఉంటుంది: ‘లాగాన్ టైప్ 4, 5 నిమిషాల వ్యవధి, నిన్న 18:40కి 4724 ఉంది. ఈ ఖాతాకి వేరే మెషీన్లలో ఫెయిల్యూర్లు లేవు, తర్వాత 4624 లేదు. సర్వర్ టీమ్‌కి టాస్క్ సరిచేయమని టికెట్ పెట్టాను.’ మూడు వాక్యాలు. ఏం చూశారో, ఏం కనపడలేదో రెండూ ఉన్నాయి. నోట్‌లో వేసిన టైమ్‌కి ఇంకో బరువు కూడా ఉంది: సెర్ట్-ఇన్ పెట్టిన ఆ 6 గంటల గడియారం ఎప్పుడు మొదలైందన్న వాదన వస్తే అందరూ తిప్పి చూసేది దాన్నే.

ఎల్1 సరిగ్గా చూసినా పని చెడొచ్చు. 2013లో అమెరికా రిటైల్ సంస్థ టార్గెట్‌లో దొంగలు పడ్డప్పుడు, నవంబర్ 30న బెంగళూరులోని కాపలా టీమ్ మాల్‌వేర్ అలర్ట్‌ని గుర్తించి మినియాపొలిస్‌కి చేరవేసిందని తర్వాత పత్రికల్లో వచ్చింది. అక్కడ ఎవరూ కదల్లేదు. దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. షిఫ్టుకి ఎన్ని టికెట్లు మూశారన్న అంకెతో మనుషుల్ని కొలిచే మేనేజర్లు ఈ కేసు చదవాలి. ఆ అంకె పెంచడం ఎవరికైనా చేతనవుతుంది, చదవకుండా మూస్తే చాలు. అలా మూసేవాళ్ల పనినే ఇప్పుడు ఆటోమేషన్ టూల్స్ మొదట లాక్కుంటున్నాయి.

ఇదంతా ఇంట్లోనే నేర్చుకోవచ్చు, పైసా ఫీజు లేకుండా. 16 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో, లోపలే వేరే కంప్యూటర్లని నడిపే వర్చువల్‌బాక్స్ వేసి, ఉబుంటు లినక్స్ మీద లాగ్‌లు పోగుచేసి అలర్ట్‌లు ఇచ్చే వాజూకి 8 జీబీ, 4 కోర్లు ఇవ్వండి. పక్కన 180 రోజుల ఎవాల్యుయేషన్ విండోస్ సర్వర్, అందులో ఇంకా వివరంగా లాగ్‌లు రాసే సిస్‌మాన్. 8 జీబీ ల్యాప్‌టాప్‌తో మొదలుపెడితే రెండు మెషీన్లూ నత్తనడక నడుస్తాయి, వారంలో విసుగొస్తుంది. రెండు చోట్ల అందరూ బోల్తా పడతారు. ఒకటి, ప్రాసెస్ మొదలైనట్టు చెప్పే 4688లో కమాండ్ లైన్, అంటే ఏ ఆదేశంతో మొదలైందన్నది మామూలుగా ఉండదు, గ్రూప్ పాలసీలో విడిగా ఆన్ చేయాలి. సిస్‌మాన్ ఈవెంట్ 1లో అయితే ఉంటుంది. రెండు, టైమ్. ఈవెంట్ వ్యూయర్ మన టైమ్ చూపిస్తుంది, లోపలి రికార్డు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. ఆ ఐదున్నర గంటల తేడా మర్చిపోతే పొద్దున జరిగిన దాన్ని అర్ధరాత్రి దాడి అనుకుంటారు. సాధన సొంత మెషీన్ల మీదే చేయండి. అనుమతి లేకుండా పక్కవాడి సర్వర్‌లో తల దూరిస్తే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

సర్టిఫికెట్ల మీద చర్చ అవసరానికి మించి జరుగుతోంది. సీఈహెచ్, సెక్యూరిటీ ప్లస్ లాంటివి హెచ్‌ఆర్ జల్లెడ దాటిస్తాయి, అంతవరకే. సీఐఎస్‌ఎస్‌పీ అనే పై స్థాయి సర్టిఫికెట్ పూర్తి గుర్తింపుకి మామూలుగా ఐదేళ్ల అనుభవం కావాలి కాబట్టి ఫ్రెషర్ ఇప్పుడే దాని పుస్తకం కొనక్కర్లేదు. ఇంటర్వ్యూలో తేలేది మాత్రం డీఎన్‌ఎస్ ఏం చేస్తుంది, టీసీపీ హ్యాండ్‌షేక్‌లో సిన్ తర్వాత ఏమొస్తుంది అన్న నెట్‌వర్క్ ఓనమాల దగ్గరే.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే కన్సల్టెన్సీల జోలికి మాత్రం ఈ రంగంలో అసలు పోకూడదు. కాగితం మీద కంపెనీ సృష్టించొచ్చు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (పీఎఫ్ నంబర్) సర్వీస్ హిస్టరీ అడిగితే అందులో ఆ రెండేళ్ల పీఎఫ్ ఉండదు, ఆదాయపు పన్ను రికార్డు 26ఏఎస్‌లో ఆ కంపెనీ కోసిన టీడీఎస్ కనపడదు. అడ్మిన్ లాగ్‌లు చేతికిచ్చే ఉద్యోగంలో అబద్ధం దొరికితే ఇంకో అవకాశం ఇవ్వరు, చేరి ఏడాదైనా సరే.

ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా’ అన్నప్పుడు జీతం హైక్ గురించి కాకుండా రెండు సంగతులు అడగండి. ఎల్2కి పంపిన టికెట్ చివరికి ఏమైందో ఎల్1కి తెలుస్తుందా? రోజూ ఉత్తుత్తి అలర్ట్‌లు కురిపించే రూల్‌ని సరిచేయమని ఎల్1 ప్రతిపాదిస్తే ఎవరు చూస్తారు, ఎన్ని రోజుల్లో? రెండింటికీ స్పష్టమైన జవాబొచ్చిన చోట పద్దెనిమిది నెలల్లో డిటెక్షన్ రూల్స్ రాసే పనికో, దాడి జరిగినప్పుడు రంగంలోకి దిగే ఇన్సిడెంట్ రెస్పాన్స్‌కో దారి దొరుకుతుంది. ‘అవన్నీ క్లయింట్ చూసుకుంటాడు’ అన్న జవాబొస్తే చేరండి, అన్నం పెట్టే ఉద్యోగమే. కానీ నోటీస్ పీరియడ్ చాలాచోట్ల 90 రోజులుంటుంది, దాన్ని లెక్కలో పెట్టుకుని పదిహేనో నెల నుంచే రెజ్యూమే బయట తిప్పండి.