దుకాణం మూసే ముందు దవాఖాన తెరవాలి

మత్తుమందులంటే మన పత్రికల మొదటి పేజీల్లో కనిపించేవి కొకైన్ పొట్లాలు, పబ్బులు, సినిమా రంగం పేర్లు. లోపలి పేజీల్లో కనిపించేవి అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం నుంచి తరలిపోతూ పట్టుబడిన గంజాయి బస్తాలు. అవి ముఖ్యమైన వార్తలే. అయితే తెలంగాణ పల్లెల్లోనూ, హైదరాబాద్ శివారు బస్తీల్లోనూ పొద్దుగూకే వేళ కూలి డబ్బుతో కొనుక్కుని తాగే సీసాలోని ఆల్ప్రజోలం అనే మత్తు కలిగించే మందును మత్తుమందుగా లెక్కించి మాట్లాడే అలవాటు మనకింకా రాలేదు. దాన్ని మనం కల్లు అంటున్నాం, ఆ పేరే దానికి రక్షణగా నిలుస్తోంది. బోనాలకు సాక పోసేదీ, దసరాకు ఇంటిల్లిపాదీ పంచుకునేదీ, చావు ఇంట్లో బంధువులకు అందించేదీ విషమని ఒప్పుకోవడానికి ఎవరికీ మనసు రాదు. ఆ మౌనంలో పత్రికల వాటా కూడా ఉందని మేము ఒప్పుకుంటున్నాం.

చెట్టు నుంచి దిగిన కల్లుకు కొన్ని సహజ లక్షణాలున్నాయి. తెల్లవారుజామున లొట్టిలో, అంటే చెట్టుకు కట్టిన కుండలో, ఉన్న రసం తియ్యగా ఉంటుంది, ఎండెక్కేసరికి పొంగుతుంది, మరునాటికి పులిసి నోట పెట్టుకోవడానికి పనికిరాకుండా పోతుంది. ఒక చెట్టు రోజుకు ఇచ్చేది కొద్ది లీటర్లే. ఈతచెట్టు చలికాలంలో, తాటిచెట్టు ఎండాకాలంలో బాగా పారుతాయి. వానలు పట్టాక మోకు ముత్తాదులతో చెట్టెక్కడమే ప్రాణాంతకం. ఈ లెక్కలు తెలిసిన ఏ గీత కార్మికుడినడిగినా చెప్పే మాట ఒకటే: ఏడాది పొడవునా, ఏ వేళకు వెళ్ళినా, ఎంతమంది వచ్చినా అయిపోని కల్లు చెట్టు మీది నుంచి రాదు. చెట్లే లేని నగరంలో, 2014లో మళ్ళీ తెరుచుకున్న దుకాణాల్లో, నిత్యం నిండుకోకుండా పోస్తున్నదాంట్లో అసలు రసమెంతో ఊహించడం కష్టం కాదు. నీళ్ళకు తీపి కోసం శాకరిన్ కలుస్తుంది, తాగినవాడు మరునాడు మళ్ళీ రావడం కోసం మందు కలుస్తుంది. ఆ మందు ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తరువాత డయాజిపామ్, ఇప్పుడు ఎక్కువగా ఆల్ప్రజోలం; మూడూ మత్తు, నిద్ర కలిగించేవే.

ఆల్ప్రజోలం తీవ్రమైన ఆందోళనతో బాధపడేవారికి వైద్యులు పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము మాత్రలుగా, అదీ కొద్దిరోజులకు మాత్రమే రాసిచ్చే మందు. కిలో పొడి అర మిల్లీగ్రాము మాత్రలు ఇరవై లక్షలకు సమానం. తూకపు యంత్రం కూడా లేని దుకాణం వెనుక గదిలో, డ్రమ్ములోకి చెంచాతోనో పిడికిలితోనో వేసే పొడికి మోతాదు అనే మాట వర్తించదు; ఒక సీసాలో ఉన్నదానికి నాలుగింతలు పక్క సీసాలో ఉండవచ్చు. మత్తుమందుల నియంత్రణకు 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం కింద వంద గ్రాములకు మించి ఆల్ప్రజోలం దగ్గరుంటే అది వాణిజ్య పరిమాణం, నేరం రుజువైతే పదేళ్ళకు తగ్గని జైలు. చట్టం ఇంత కఠినంగా ఉన్నా సరఫరా ఆగలేదు. 2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ పాత బోయిన్‌పల్లిలో పిల్లలు చదువుకునే ఒక పాఠశాల భవనంలోనే ఆల్ప్రజోలం తయారీ కేంద్రం బయటపడిందని పోలీసులు ప్రకటించారు. కింద పిల్లలు పాఠాలు వింటుండగా పైన ఏ పొడి తయారవుతోందో ఆ తల్లిదండ్రులకు తెలియదు, సాయంత్రం సీసా కొన్న కూలీకీ తెలియదు.

ఇక్కడే ఒక సంగతిని సూటిగా చెప్పాలి, ఎందుకంటే ప్రజల మేలు కోరేవారు సైతం పదే పదే పొరపడేది ఇక్కడే. ఈ కల్లును ఒక్కరోజులో ఆపేస్తే తాగేవాళ్ళు బాగుపడరు, ప్రమాదంలో పడతారు. నెలల తరబడి ఆల్ప్రజోలం అందుతున్న మెదడు తనను తాను శాంతపరచుకునే శక్తిని తగ్గించుకుంటుంది. మందు ఠక్కున ఆగినప్పుడు రెండు మూడు రోజుల్లోనే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలై, కొందరిలో ఫిట్స్ దాకా, మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితి దాకా వెళుతుంది. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లుపై విరుచుకుపడినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జరిగింది అదే. దుకాణాలు మూతపడ్డ కొద్దిరోజులకే పిచ్చిచేష్టలు చేస్తున్నారంటూ, తాళ్ళతో కట్టేయవలసి వచ్చిందంటూ కుటుంబాలు తమవాళ్ళను ఆస్పత్రులకు మోసుకొచ్చాయి. కొందరు ప్రాణాలు కోల్పోయారు. 2020 వసంతంలో కరోనా లాక్‌డౌన్ వచ్చి దుకాణాలు మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు మళ్ళీ అదే దృశ్యం. రెండుసార్లూ దుకాణం మూతపడింది, దవాఖాన మాత్రం సిద్ధంగా లేదు.

పదేళ్ళు గడిచాక 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా పల్లెల్లో కల్లు తాగినవారు వింత ప్రవర్తనతో ఆస్పత్రుల పాలయ్యారు. జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో దుకాణాల కల్లు తాగి పదుల సంఖ్యలో మంది నిమ్స్ వంటి ఆస్పత్రుల్లో చేరారు, కొందరికి డయాలసిస్ చేయవలసి వచ్చింది, పలువురు మరణించారు. చనిపోయిన వారిలో రోజుకూలీలు ఉన్నారు. అరెస్టులు జరిగాయి, లైసెన్సులు రద్దయ్యాయి. ఆ దుకాణాల్లో రోజూ తాగుతూ ఆ రోజు అదృష్టవశాత్తూ బతికిపోయిన మిగతావారికి మరునాటి నుంచి ఏ వైద్యం అందిందన్న ప్రశ్న మాత్రం ఎక్కడా గట్టిగా వినిపించలేదు.

సమాజం పూనుకుంటే మత్తును ఎదిరించగలదనడానికి తెలుగువారికి బయటి ఉదాహరణ అక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలవగా, సారా దుకాణాన్ని ఊరి నుంచి తరిమారు. ఆ నిప్పు జిల్లాలు దాటి 1993లో సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. నిషేధం రెండేళ్ళకే సడలిందనేది వేరే చర్చ. దూబగుంట ఇచ్చిన పాఠంలో సగాన్నే మనం గుర్తుంచుకున్నాం: దుకాణం ముందు బైఠాయించే ధైర్యం. ఆ ధైర్యం వెనుక నెలల తరబడి సాయంత్రాలు కలిసి కూర్చుని, ఎవరింట్లో ఏం జరుగుతోందో ఒకరితో ఒకరు చెప్పుకున్న ఆడవాళ్ళున్నారు. కల్తీ కల్లు విషయంలో ఆ మాటలే ముందు రావాలి, బైఠాయింపు తరువాత. పైగా ఈ కల్లును మగవాళ్ళే తాగుతారనుకోవడం పొరపాటు. రోజంతా వంగి బీడీలు చుట్టిన, నాట్లు వేసిన ఆడవాళ్ళు ఒళ్ళునొప్పులకని తాగుతారు. ఏడుపు మానడానికని చంటిపిల్లలకు నాలుక మీద తడిపే ఇళ్ళు కూడా ఉన్నాయి. సిగ్గుతో దాచుకున్నంత కాలం వాళ్ళెవరూ లెక్కలోకి రారు.

అందుకే ఊరు చేయగల మొదటి పని లెక్క తీయడం. మహిళా సంఘాల సభ్యులు, ఆశా కార్యకర్త, ఏఎన్ఎం కలిసి ఇల్లిల్లూ తిరిగితే ఏ ఇంట్లో ఎవరు రోజూ తాగుతున్నారు, ఎన్నేళ్ళుగా, మానిన రోజుల్లో ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అన్న సంగతులు పోలీసుల కంటే ఎన్నో రెట్లు కచ్చితంగా తెలుస్తాయి. ఈ జాబితా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళకూడదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. వైద్యం కోసం తనంత తానుగా ముందుకొచ్చిన వ్యసనపరుడిని, అతనిపై ఉన్నది కేవలం వాడకానికో కొద్దిపాటి పరిమాణానికో సంబంధించిన ఆరోపణ అయితే, ప్రాసిక్యూషన్ నుంచి తప్పించే వెసులుబాటు ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్‌లోనే ఉంది. ఆ సంగతి ఊళ్ళో చాటింపు వేసినట్టు చెప్పాలి. దుకాణం మూసే తేదీని గ్రామసభ ముందే ప్రకటించి, ఆలోపు తాగేవారందరినీ వైద్యుడి ముందు కూర్చోబెట్టాలి.

ఆ వైద్యుడి దగ్గర ఏం ఉండాలన్నది ప్రభుత్వం జవాబు చెప్పవలసిన విషయం. ఆల్ప్రజోలం అలవాటును మాన్పించే పద్ధతి వైద్యశాస్త్రానికి కొత్త కాదు: రోగిని డయాజిపామ్ వంటి, ఒంట్లో నెమ్మదిగా తగ్గే మందుకు మార్చి, వారాల తరబడి మోతాదు కోసుకుంటూ వస్తారు. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. కావలసింది శిక్షణ పొందిన వైద్యుడు, మందుల నిల్వ, రోజూ మందు చేతికిచ్చి మింగించే ఒక నర్సు. ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం నిషిద్ధ మత్తుమందులకు బానిసలైన ఇరవైమందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. మన రాష్ట్రంలో జిల్లా కేంద్రం దాకా బస్సెక్కి రోజుకూలి పోగొట్టుకుంటే తప్ప వైద్యం దొరకనంతకాలం ఆ నిష్పత్తి మారదు. ప్రతి ఎక్సైజ్ దాడి వెంట, ఆ మండలంలో కనీసం నెలరోజులుండే వైద్యబృందం వెళ్ళాలన్నది మా డిమాండు. బృందం సిద్ధంగా లేకపోతే పొడి అమ్మేవాడిని పట్టుకోండి, తయారీ కేంద్రాన్ని మూయండి. తాగేవాళ్ళను మాత్రం ఏ వైద్యమూ లేకుండా గాలికి వదలకండి.

గీత కార్మికుల మాట లేకుండా ఈ చర్చ పూర్తికాదు. కల్తీ వార్త వచ్చిన ప్రతిసారీ నింద మొత్తం చెట్టెక్కే కులాల మీద పడుతోంది. చెట్టు మీది నుంచి పడి నడుములు విరగ్గొట్టుకునేది వాళ్ళు. కల్లు డిపోలను వేలంలో పాడుకుని, పొడి కలిపి లాభం తీసేది చాలాచోట్ల మరొకరు. నిజమైన కల్లు గీసేవాడికి కల్తీ కల్లే మొదటి శత్రువు, ఎందుకంటే మందు కలిసినదానికి అలవాటుపడ్డ నాలుకకు అసలు కల్లు ఎక్కదు. గీత సహకార సంఘాలు తమ సభ్యుల్లో పొడి కలిపేవారిని తామే బయటపెట్టాలి. అందుకు తగినట్టు ప్రభుత్వం ఈత, తాటి వనాలకు భూమి చూపించాలి; 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున తెరిచిన నీరా (పులియని చెట్టు రసం) కేంద్రం లాంటివి రాజధానికే పరిమితం కాకూడదు.

మానాలనుకుంటూ ఎవరినడగాలో తెలియనివారికి 14446 జాతీయ వ్యసన విముక్తి సహాయ నంబరు ఉంది. తెలంగాణలో పొడి అమ్మకాల సమాచారం 1908కు, ఆంధ్రప్రదేశ్‌లో 1972కు ఇవ్వవచ్చు. మొదటిది ఆశా కార్యకర్త ఫోనులో, మిగతావి పంచాయతీ గోడ మీద ఉండాలి. దసరా ముందు వారాల్లో కల్లు అమ్మకం అన్నిచోట్లా పెరుగుతుందని ఎక్సైజ్ శాఖకు తెలుసు, వైద్య ఆరోగ్య శాఖకూ తెలుసు. ఆ రెండు శాఖల జిల్లా అధికారులు పండుగకు నెల ముందే ఒక బల్ల దగ్గర కూర్చుని, ఏ మండలంలో ఎన్ని పడకలు, ఎన్ని వారాలకు సరిపడా డయాజిపామ్, ఏ వైద్యుడు అన్న జాబితాను కలెక్టర్ సంతకంతో బహిరంగంగా ప్రకటించాలి.