మహారాజశ్రీ పెండింగ్ గారి దివ్యసముఖమునకు

నమస్కరించి వ్రాయునది. ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెడదామనుకున్నాను గానీ, కుశలమంతా తమరి వైపే ఉంది. నిన్న మధ్యాహ్నం పన్నెండింటి నుంచి నాలుగున్నర దాకా తమరి కొలువులోనే పడిగాపులు కాశాను. నాన్న పోయి పదకొండు నెలలు. అమ్మకి రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ ఏమైందని అడగడం ఇది ఏడోసారి. సీట్లో ఉన్నాయన కంప్యూటర్ వంక చూసి, తమరి నామం ఒక్కసారి స్మరించి, క్యారేజీ విప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక కోపం ఆగక తమరి పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. మూలం లాటిన్. వేలాడటం అని అర్థం. ఫ్రెంచివాళ్ల దగ్గరికి వచ్చేసరికి ‘ఫలానాది జరుగుతుండగా’ అనే అర్థం కూడా కలిసింది. అక్కణ్ణుంచి పదిహేడో శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి దిగారు. మన 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో 52వ సెక్షన్ శీర్షికలోనే కొలువున్నారు. సరే, కోర్టు వ్యాజ్యాలు వేలాడటం లోకానికి కొత్తేమీ కాదు.

నా కడుపు మండింది ఎక్కడో తెలుసా? పెన్షన్ కూడా మీ ఇంటి బిడ్డేనట! రోమన్లు నాణేలు ముద్రించకముందు లోహాన్ని త్రాసుకి వేలాడదీసి, తూచి, చెల్లించేవాళ్లు. అందుకే ఆ ధాతువుకి తూచడం, చెల్లించడం అనే అర్థాలూ పట్టుకున్నాయి. అలా పుట్టిందే పెన్షన్. అంటే అక్కాతమ్ముళ్లన్నమాట. అక్క గుమ్మం దాకా వస్తుంటే తమ్ముడు జడ పట్టుకుని లాగుతున్నాడు. అమ్మ ‘డిపెండెంట్’ అని కాగితం తెమ్మన్నారు, అదీ మీ చుట్టమే. సొమ్ము ‘సస్పెన్స్’ ఖాతాలో ఉండొచ్చన్నారు, అదీ మీ చుట్టమే. వంశం మొత్తం కలిసి ఒక్క ముసలామె మీద పడ్డారు.

‘సర్వర్ డౌన్’, ‘మేడం లీవ్’ గార్లకి విడిగా రాస్తాను. పాపం, వాళ్లు ఏదో ఒక రోజుకి తేలతారు.

మా ఊరి కిరాణా కొట్లో శెట్టిగారు అరువు చీటీలన్నీ ఇనపతీగకి గుచ్చి దూలానికి వేలాడదీసేవారు. బాకీ తీర్చిన పూట మన చీటీ వెతికి ఊడలాగి, మన కళ్లముందే చించేవారు. వేలాడటానికైనా ఒక లెక్కుండేది.

ఇక తమరూ లేదు, గిమరూ లేదు. ఆ బీరువా మీద నాడా కట్టిన ఫైలు మాదేనయ్యా. అమ్మానాన్నల జాయింట్ ఫోటో పైన ఒకే ఒక్క పిన్నుకి ఉంది. ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా అంచు లేస్తోంది, పడుతోంది. నాలుగున్నర గంటలు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎవరికీ రూపాయి బాకీ పెట్టకుండా పోయిన మనిషిని అక్కడెందుకు వేలాడదీశావు?

సోమవారం మళ్లీ వస్తున్నాను. ఈసారి అమ్మని కూడా తీసుకొస్తున్నాను.