98 మోడల్ ఫ్రిజ్

ఏడాది కూడా నిండని తెల్ల ఫ్రిజ్ మాది. ఇల్లు మారుతున్నాం, కొత్తింటి వంటగదిలో పట్టదు. అమ్మేద్దామని ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టాను. తొందరలో తీసింది మామూలు కెమెరాతో కాదు, నాలుగు రోజులుగా నన్ను ఊపేస్తున్న పాత ఫిల్మ్ కెమెరా యాప్‌తో!

పావుగంటలో మెసేజ్.

"అన్నా, 98 మోడలా?"

"లేదు తమ్ముడూ, పోయినేడాదే కొన్నాం."

"మరి ఫొటో మీద ఉందిగా?"

చూద్దును కదా, కింద కుడి మూల నారింజ రంగు అంకెలు. తేదీ, నెల ఇవాళ్టివే. ఏడాది మాత్రం '98. పాత కెమెరాలు ఫొటో మీద తేదీ అచ్చేసేవి కదా, ఆ ముచ్చట తీర్చడానికి యాప్ పాపం అబద్ధం కూడా ఆడుతుంది.

"పక్కన కాలిందేంటన్నా?"

కాలింది కాదు. పాత కెమెరా వెనక తలుపు సరిగ్గా పడకపోతే సందులోంచి వెలుతురు దూరి ఫిల్మ్ మీద ఎర్రటి చార పడేది. నా ఫోన్‌కి తలుపే లేదు, అయినా ఆ రోగం తెచ్చిపెట్టారు. ఇదంతా ఎక్కడ టైపు చేస్తాం? "లైట్ లీక్" అని ఊరుకున్నాను.

"గ్యాస్ కూడా లీకవుతోందా?"

తలుపు నిండా ఉన్న చుక్కల్ని తుప్పు అన్నాడు. అది గ్రెయిన్, అసలు ఫిల్మ్‌లో అయితే వెండి లవణాల వల్ల వస్తుంది అన్నాను. వెండి మాట అతనికి ఎక్కలేదు. రేటు సగానికి దించాడు.

ఈలోగా మా ఆవిడ తొంగిచూసి, స్క్రీన్ మీద వెంట్రుక ఉందని వేలితో తుడిచింది. పోలేదు. ఉఫ్‌మని ఊదింది. గోటితో గీకింది. ఆ వెంట్రుక ఫిల్టర్‌లోదని చెప్పేసరికి నావైపు చూసిన చూపు మాత్రం అసలుదే.

నాన్న ఫోన్ లాక్కుని చూశారు. "36 ఫొటోల రోల్ కడిగిస్తే ఇలాంటిది ఒక్కటొచ్చినా స్టూడియో అతనితో గొడవేసుకునేవాణ్ని. నువ్వు డబ్బులు కట్టి మరీ తెప్పించుకుంటున్నావా?"

ఏం చెప్పను? 1935లో పుట్టిన కొడాక్రోమ్ ఫిల్మ్ తయారీని కొడాక్ 2009లో ఆపేసింది. అదే ఏడాది డిసెంబరులో, పాత ప్లాస్టిక్ కెమెరా ఫొటోల్ని తలపించే హిప్‌స్టామాటిక్ యాప్ వచ్చింది. ఫిల్మ్‌కి సంవత్సరీకమైనా కాలేదు, దాని మచ్చలకి పునర్జన్మ వచ్చేసింది. ఇది నాన్నకి చెబితే ఫోన్ కూడా తిరిగిచ్చేవారు కాదు.

చివరికి మామూలు కెమెరాతో, ట్యూబ్‌లైట్ వేసి, ఇంకో ఫొటో తీసి పంపాను. పాలరాయిలా మెరిసిపోతోంది ఫ్రిజ్.

చాలాసేపటికి జవాబొచ్చింది.

"ఫిల్టర్ లేకుండా పెట్టన్నా."